పింగాణీ బొమ్మలకి భయం ఎవరు పూశారు?

అమెరికాలో థ్రిఫ్ట్ స్టోర్లలో పాత కప్పులు, ఫొటో ఫ్రేముల పక్కన ఒకటో రెండో పింగాణీ బొమ్మలు తరచూ కనిపిస్తాయి. లేసు గౌను, ఉంగరాల జుట్టు, గాజు కళ్ళు, కొద్ది డాలర్ల ధర. వీటిని కొనుక్కెళ్ళి దయ్యాలుగా మార్చడం చాలామందికి సరదా. బుగ్గల మీది గులాబీ రంగు తుడిచేస్తారు, కళ్ళ కింద నల్ల కన్నీళ్ళు గీస్తారు, నుదుటి మీద కొమ్ములు అతికిస్తారు, గౌనుని టీ డికాక్షన్‌లో నానబెట్టి పాతబట్టలా చేస్తారు. చూసినవాళ్ళలో కొందరు "భలే ఉందే" అంటారు. ఇంకొందరు "చక్కటి బొమ్మని పాడుచేశారు" అంటారు. నా పేచీ ఈ రెండో మాటతోనే. అసలా బొమ్మ అంతకుముందు అంత అమాయకంగా ఉండేదా?

యూరప్‌లో గట్టి పింగాణీ తయారుచేసిన మొదటి కార్ఖానా 1710లో జర్మనీలోని మైసెన్‌లో మొదలైంది. పింగాణీ తలల బొమ్మలు మాత్రం 1840ల నుంచే జోరందుకున్నాయి. మొదట్లో వాటి ముఖాలు టీ కప్పుల్లా మెరిసేవి. తర్వాత ఆ మెరుపు పూత లేని 'బిస్క్' రకం వచ్చింది. అది చర్మంలా కనపడుతుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఆ కాలంలో బొమ్మల తయారీకి పెద్ద కేంద్రం జర్మనీలోని తురింగియా, అందులోనూ సోనెబెర్గ్ పట్టణం. అక్కడ చాలా పని ఇళ్ళలోనే, ముక్కకి ఇంత అనే కూలి మీద నడిచేది. పెద్దలతో పాటు పిల్లలూ చేసేవాళ్ళు. కలవారి పిల్లలు ఆడుకున్న బొమ్మల వెనక లేనివారి పిల్లల చేతులున్నాయన్నమాట.

చావు కూడా ఈ బొమ్మలకి కొత్తేమీ కాదు. కాళ్ళూ చేతులూ కదలని ఒక చిన్న పింగాణీ బొమ్మ ఉంది. జర్మనీలో దాన్ని స్నానం చేసేటప్పుడు ఆడుకునే బొమ్మగా తయారుచేశారు. అమెరికాలో దానికి 'ఫ్రోజెన్ షార్లెట్' అని పేరొచ్చింది. విందుకి వెళ్తూ, గౌను కనపడదని పైన దుప్పటి కప్పుకోనని మొండికేసి, మంచుబండిలోనే గడ్డకట్టి చనిపోయిన అమ్మాయి షార్లెట్. సీబా స్మిత్ 1843లో ప్రచురించిన పద్యం వల్ల ఆమె కథ ప్రచారంలోకి వచ్చింది. బిడ్డలు చిన్నవయసులోనే పోవడం మామూలైన ఆ శతాబ్దంలో, అమెరికన్ పిల్లలు బొమ్మలకి అంత్యక్రియలు చేసి పాతిపెట్టే ఆట కూడా ఆడేవాళ్ళు. అంటే ఈ బొమ్మని శవంగా మొదట ఊహించింది నేటి ఆర్టిస్టులు కాదు, దాన్ని ఒళ్ళో పెట్టుకున్న పిల్లలే.

1890లో ఎడిసన్ ఇంకో అడుగు వేశాడు. లోహపు ఒంట్లో చిన్న ఫొనోగ్రాఫ్ పెట్టి, పైన జర్మన్ బిస్క్ తల బిగించి, మాట్లాడే బొమ్మని అమ్మకానికి పెట్టాడు. పిడి తిప్పితే గీరుకుపోయిన గొంతుతో చిన్నపిల్లల పద్యం చెప్పేది. యంత్రం త్వరగా పాడయ్యేది. కొన్ని వారాలకే అమ్మకాలు ఆగిపోయాయి. ఆ రికార్డులు కొన్నిటిని మన కాలంలో సూది ఆనించకుండా, మైక్రోస్కోపుతో స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో శబ్దంగా మార్చారు. 2015లో అవి అందరికీ వినపడ్డాయి. నేను రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, రెండోసారి వినలేదు. ఆ గొంతు ఎవర్నీ భయపెట్టాలని రికార్డు చేసింది కాదు.

ఈ భయం గురించి 1906లో యెంట్ష్, 1919లో ఫ్రాయిడ్ రాశారు. ప్రాణం ఉందో లేదో తేల్చుకోలేకపోవడమే మనల్ని కలవరపెడుతుందని యెంట్ష్ వాదన. పిల్లలు బొమ్మకి ప్రాణం వస్తుందని భయపడరు, రావాలని కోరుకుంటారు కూడా అని ఫ్రాయిడ్ గుర్తుచేశాడు. చిన్నప్పటి కోరికే పెద్దయ్యాక భయమవుతుంది. హాలీవుడ్‌కి ఈ కిటుకు బాగా తెలుసు. దయ్యం పట్టిందని చెప్పే అసలు ఆనబెల్ మెత్తటి గుడ్డ బొమ్మ. సినిమాలో మాత్రం దానికి గట్టి, పాలిపోయిన ముఖం తగిలించారు.

మరి థ్రిఫ్ట్ స్టోర్లో దొరికేవన్నీ 19వ శతాబ్దానివా? దాదాపు కాదు. 1980లు, 90లలో కొన్ని కంపెనీలు పత్రికా ప్రకటనల ద్వారా పింగాణీ బొమ్మల్ని ఇళ్ళకి పంపాయి. 'లిమిటెడ్ ఎడిషన్' అనే మాట, చేతిలో ఒక సర్టిఫికెట్. ఆడుకోవడానికి కాదు, అద్దాల బీరువాలో దాచుకోవడానికి. దాచుకున్నవాళ్ళు పోయాక ఆ ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళకి అవి అక్కర్లేదు. అందుకే ఇంత చవగ్గా దొరుకుతున్నాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. మా సాఫ్ట్‌వేర్ పనిలో పాత కోడ్ తీసేసే ముందు దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూస్తాం. బొమ్మకీ అదే చెయ్యాలి. విగ్గు ఎత్తి మెడ వెనక అచ్చు నంబరు, 'జర్మనీ' అన్న ముద్ర ఉన్నాయేమో చూడాలి. తర్వాత దూదిని ఎసిటోన్‌లో ముంచి కనపడని చోట రుద్దాలి. బట్టీలో కాల్చిన రంగు ఊడిరాదు. కాల్చకుండా పైపైన పూసిన రంగు వచ్చేస్తుంది. నంబరూ ముద్రా ఉండి, రంగు కూడా ఊడకపోతే, అది ఎవరో పేరు తెలియని పనివాళ్ళు ఒక్కో కనురెప్ప వెంట్రుకా చేత్తో గీసిన ముఖం కావచ్చు. దాన్ని వదిలెయ్యడమే మర్యాద. అది కాదని తేలిన బొమ్మతో ఏం చేసినా పాడుచెయ్యడం అవదు. పింగాణీని తొలిచేటప్పుడు మాత్రం మాస్కు పెట్టుకోవాలి, తడిచేస్తూ తొలవాలి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది.

సర్టిఫికెట్ మీద ఏం రాసున్నా, ఆ బొమ్మ ఒకే అచ్చులోంచి వచ్చిన వేలల్లో ఒకటి. ఎవరో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, సన్నటి బ్రష్షుతో దాని చెంప మీద పగులు గీశాక, అలాంటిది ఇంకొకటి ఎక్కడా ఉండదు.