అంతర్జాతీయ సంబంధాలు (విశ్వవిద్యాలయ పాఠ్యవిషయం)

అంతర్జాతీయ సంబంధాలు అనగా దేశాల మధ్య యుద్ధము, శాంతి, వాణిజ్యము, దౌత్యము మొదలైన విషయాలను పరిశీలించే శాస్త్రం. విశ్వవిద్యాలయాలలో ఇది రాజనీతి శాస్త్రంలో భాగంగా గాని, ప్రత్యేక శాఖగా గాని బోధింపబడుతున్నది.

చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో జరిగిన అపార ప్రాణనష్టం ఈ శాస్త్రం పుట్టుకకు ముఖ్య కారణం. అటువంటి యుద్ధం మరల రాకూడదన్న ఆశయంతో, డేవిడ్ డేవిస్ కుటుంబం ఇచ్చిన విరాళంతో, 1919లో వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. దీనికి అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు పెట్టారు. ఆల్ఫ్రెడ్ జిమ్మెర్న్ తొలి ఆచార్యుడు. 1936లో అదే పీఠానికి వచ్చిన ఇ.హెచ్. కార్, 1939లో వెలువడిన "ది ట్వెంటీ ఇయర్స్ క్రైసిస్" గ్రంథంలో, అధికార బలాన్ని లెక్కలోకి తీసుకోని ఆదర్శవాదాన్ని విమర్శించాడు. ఆ సంవత్సరమే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆదర్శవాదం, వాస్తవికవాదం మధ్య నాటి చర్చ నేటికీ తొలి పాఠాలలో ఒకటి.

భారతదేశంలో

1955లో న్యూఢిల్లీలోని సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ప్రారంభమైంది. ఎ. అప్పాదొరై దీని తొలి సంచాలకుడు. 1970లో ఈ సంస్థ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది.

ఉద్యోగావకాశాలు

ఈ పట్టా ఉన్నంత మాత్రాన దౌత్యాధికారి కాలేరు. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు ఎంపిక సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా జరుగుతుంది. దానికి ఏ విషయంలోనైనా పట్టా చాలును. మెయిన్ పరీక్షలోని జనరల్ స్టడీస్, ఐచ్ఛిక పత్రాలను తెలుగులోనూ వ్రాయవచ్చును. రాజనీతి శాస్త్రాన్ని ఐచ్ఛికంగా ఎన్నుకొన్నవారికి రెండవ పత్రంలో అంతర్జాతీయ సంబంధాలు పాఠ్యాంశంగా ఉంటాయి. బోధన, పరిశోధన, పత్రికా రంగాలలోనూ ఈ చదువు ఉపయోగపడుతుంది.