తారకేశ్వర్ కత్తిపీట

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో, వెనక వరండాలో, అమ్మ కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తూంటే పక్కింటి మాసీమా వచ్చి మెట్టు మీద కూర్చునేది. మాసీమా బెంగాలీ. మా అమ్మది పలాస దగ్గర పల్లెటూరు. ఇద్దరి మధ్యా వచ్చీరాని హిందీ, మిగతాది సైగలు. కత్తిపీటని వాళ్లు బొంటి అంటారు. కూరలకొకటి, చేపలకొకటి విడివిడిగా ఉంచుకుంటారు. ఓ రోజు మాసీమా మా కత్తిపీట వంక చూసి, "మీ ఆయనకి కోపమొచ్చిన పూట దీన్ని దాచెయ్" అని నవ్వింది. ఎలోకేశి కథ నేను మొదట విన్నది ఆ పూటే. నాకు పదేళ్లుంటాయి.

కథ ఇదీ. కలకత్తాకి వాయవ్యంగా, హుగ్లీ జిల్లాలో తారకేశ్వర్ పెద్ద శివక్షేత్రం. గుడి పెత్తనం మహంతుది. 1873లో ఆ గద్దె మీద ఉన్నవాడు మాధవచంద్ర గిరి. దగ్గర్లోని కుమ్రూల్ అనే ఊళ్లో పదహారేళ్ల ఎలోకేశి పుట్టింట్లో ఉండేది. పెనిమిటి నబీన్‌చంద్ర బెనర్జీకి కలకత్తాలో ప్రభుత్వ అచ్చాఫీసులో ఉద్యోగం. ఇంట్లో తండ్రి, సవతి తల్లి. పిల్లలు పుట్టడానికి మందిస్తాడని ఆ పిల్లను మహంతు దగ్గరికి పంపారు. మందిచ్చి చెరిచాడని కొందరు, తర్వాత అది సంబంధంగా సాగిందని కొందరు. అమ్మానాన్నలకు ముట్టవలసింది ముట్టిందని ఊరంతా అంది.

నబీన్ సెలవు మీద వచ్చాడు. ఊరివాళ్ల నోట విన్నాడు. భార్యనడిగితే దాచకుండా చెప్పేసింది. విచిత్రం ఏమిటంటే, అతను క్షమించాడు. కలకత్తా తీసుకుపోదామనుకున్నాడు. మహంతు మనుషులు దారి కాశారు. ఇక తీసుకెళ్లడం తన వల్ల కాదని తేలాక, మే 27న, చేపల కత్తిపీటతో ఆమె మెడ నరికి, తానే వెళ్లి పోలీసులకు లొంగిపోయాడు.

మాసీమా ఇక్కడ ఆగి తీర్పు చెప్పింది: తప్పంతా సవతి తల్లిది. ఆ తీర్పు ఆవిడ సొంతం కాదు, అత్తగారిది. ఆ అత్తగారు చదువుకోలేదు. ఇంట్లో ఎవరో పుస్తకం పైకి చదువుతుంటే విన్నదట.

ఆ పుస్తకం ఏదై ఉంటుందా అని ఉద్యోగం చేసినన్నాళ్లూ అనుకుంటూనే ఉన్నాను. రిటైరయ్యాక దొరికింది చదివి చూస్తే, ఒకటి కాదు, వరసే ఉంది. కలకత్తా చిత్పూర్ వైపు బటతలా అని ఒక పేట. పేరుకి మర్రిచెట్టు కింద అని అర్థం. చవక కాగితం, చెక్క అచ్చుల బొమ్మలు, కొద్దిపాటి కానుల ధర. పంచాంగాలూ పురాణాలూ అచ్చువేసే ఆ ప్రెస్సుల మీదికి ఎలోకేశి వచ్చిపడింది. ప్రహసనాలు, పాటలు, కథలు. ఒకళ్లు కొంటే పదిమంది వినే పుస్తకాలవి. బీడన్ స్ట్రీట్‌లోని బెంగాల్ థియేటర్ 'మొహంతేర్ ఎయ్ కి కాజ్' నాటకం ఆ ఏడాదే వేసి డబ్బు చేసుకుంది. మహంతు చేసే పనేనా ఇది, అని పేరులోనే అడిగేశారు.

చదివినవాళ్లు ఊరుకోలేదు. కోర్టుకి బయల్దేరారు. జనాన్ని ఆపలేక హుగ్లీ సెషన్స్ కోర్టువాళ్లు లోపలికి రావడానికి రుసుము పెట్టారు. అది చాలక, ఇంగ్లీషు చదువు వచ్చినవాళ్లకే ప్రవేశం అన్నారు. జడ్జీ, మహంతు వకీలూ ఇంగ్లీషే మాట్లాడతారు గదా అని సాకు. మన భాషలో మన ఊరి కథ చదువుకుని వెళ్లినవాడికి గుమ్మంలోనే పరభాషలో పరీక్షన్నమాట!

లోపల నబీన్ తరఫున నిలబడ్డది డబ్ల్యూ. సి. బెనర్జీ, తర్వాత 1885లో కాంగ్రెస్‌కి మొదటి అధ్యక్షుడైనాయన. జ్యూరీలోని మనవాళ్లు నబీన్‌కి మతి చలించిందని చెప్పి విడిచిపెట్టమన్నారు. జడ్జి ఫీల్డ్ ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మహంతుకి వ్యభిచారం నేరం కింద మూడేళ్ల కఠిన శిక్ష, రెండువేల రూపాయల జరిమానా. ఆ నేరానికి భారత శిక్షాస్మృతిలో ఉన్న సెక్షన్, 497, పుట్టిందే భర్తకు జరిగిన నష్టాన్ని లెక్కగట్టడానికి. అందులో భార్యకు నేరస్తురాలి స్థానమూ లేదు, బాధితురాలి స్థానమూ లేదు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018లో.

చదవలేనివాళ్లకు కాళీఘాట్ పటాలుండేవి. కలకత్తాలో కాళీ గుడి దగ్గర పటువాలనే చిత్రకారులు గీసి చవగ్గా అమ్మే నీటిరంగుల బొమ్మలు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నవాటిని ఒక పుస్తకంలో చూశాను. ఒకదాంట్లో మహంతు పక్కన ఎలోకేశి సింగారించుకుని వేశ్యలా ఉంటుంది. ఇంకోదాంట్లో నబీన్ కత్తిపీట ఎత్తి ఉంటాడు. తర్వాత తల వేరు, మొండెం వేరు. ఆపైన మహంతు జైల్లో గానుగ తిప్పడం. జనం బాగా కొన్నవి ఆ గానుగ బొమ్మలేనేమో అని నా అనుమానం. ఎందుకంటే జైల్లో మహంతు ఆడించిన నూనెతో చేశామంటూ తలనొప్పి మందు కూడా అమ్మారు! ఎలోకేశి పేరుతో చీరలు, తమలపాకుల పెట్టెలు, చేపల కత్తిపీటలు. 1894 నాటికి కూడా ఈ సరుకు బజార్లో ఉంది. ఆ కత్తిపీట కొనుక్కెళ్లి ఇంట్లో పెట్టుకున్న ఇల్లాలు దాంతో చేప కోసేటప్పుడు ఏమనుకునేదో నాకు ఊహకందదు.

నబీన్‌ని విడిచిపెట్టమని పదివేల సంతకాలు పోగయ్యాయి. రాజాలు, కలకత్తా పెద్దమనుషులు, పల్లెల్లో చిన్న ఉద్యోగులు. 1875లో ప్రభుత్వం అతన్ని క్షమించి వదిలేసింది. ఒక హత్యకేసులో చదువరులు గెలిచారన్నమాట. కొందరికి విలన్ మహంతు, కొందరికి తండ్రి, మాసీమా ఇంట్లో సవతి తల్లి, పటం గీసినవాడికి ఎలోకేశే. కత్తిపీట పట్టుకున్నవాడు మాత్రం అందరికీ అయ్యోపాపమే.

ఆ రోజు వరండాలో మా అమ్మ అంతా విని, చేతిలో చేప అలాగే పట్టుకుని, "మరా పిల్ల ఏటన్నాదట?" అని అడిగింది. మాసీమాకి తెలుగు అర్థం కాలేదు. నేను తర్జుమా చేశాను. మాసీమా కాసేపు ఆలోచించి, అది అత్తగారు చెప్పలేదంది.

దొరికినంతా చదివాక అమ్మ ప్రశ్నకు నాకు దొరికింది ఇంతే: ఆమె మొగుడికి నిజం చెప్పింది. అయినా చచ్చిపోయింది. ఇన్నేళ్ల తర్వాత నేనూ ఆ చదువరుల్లో ఒకణ్ని కాబట్టి నా తీర్పూ రాసిపెడుతున్నాను. నబీన్‌ని రెండేళ్లకే వదిలెయ్యడం తప్పు. ఆ అర్జీ నా ముందుకొచ్చి ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ని కాదు.