ఉద్యోగ తొలగింపు వివాదాలలో న్యాయసమీక్ష

ఉద్యోగం నుండి తొలగింపబడిన కార్మికుని వివాదంలో మధ్యవర్తి గానీ, లేబర్ కోర్టు గానీ ఇచ్చిన నిర్ణయాన్ని అవార్డు అంటారు. ఈ అవార్డు చట్టబద్ధంగా ఉన్నదా లేదా అని హైకోర్టు, సుప్రీంకోర్టు పరిశీలించడమే న్యాయసమీక్ష. ఇది అప్పీలు కాదు. భారత రాజ్యాంగంలోని 226, 227 అధికరణాల క్రింద హైకోర్టుకు ఈ అధికారం ఉంది.

చట్ట నేపథ్యం
పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఒకే కార్మికుని తొలగింపును కూడా పారిశ్రామిక వివాదంగా పరిగణించే 2-ఎ సెక్షన్‌ను 1965లో చేర్చారు. అయినప్పటికీ ప్రభుత్వం నివేదిస్తేనే ఆ వివాదం లేబర్ కోర్టుకు చేరేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1987లో చట్టాన్ని సవరించి, కార్మికుడు నేరుగా లేబర్ కోర్టును ఆశ్రయించే వీలు కల్పించింది. దేశమంతటికీ ఇటువంటి వీలు 2010 సవరణతో వచ్చింది.

యాజమాన్యం జరిపిన విచారణలో దురుద్దేశం, కక్ష సాధింపు, సహజ న్యాయసూత్రాల ఉల్లంఘన, ఆధారం లేని నిర్ధారణ వంటి లోపాలుంటేనే ట్రిబ్యునల్ జోక్యం చేసుకోవచ్చునని 1957లో సుప్రీంకోర్టు ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కేసులో పేర్కొంది. 1971లో చేర్చిన 11-ఎ సెక్షన్ ఈ పరిధిని విస్తరించింది. తొలగింపును రద్దుచేసి కార్మికుని తిరిగి విధుల్లోకి తీసుకోమనే అధికారం, శిక్షను తగ్గించే అధికారం దీనివలన లేబర్ కోర్టుకు లభించాయి.

సమీక్ష పరిధి
సయ్యద్ యాకూబ్ కేసు (1963) ప్రకారం హైకోర్టు సాక్ష్యాలను తిరిగి తూచదు. అధికార పరిధిని అతిక్రమించడం, రికార్డులోనే స్పష్టంగా కనిపించే చట్టపరమైన తప్పు, సాక్ష్యమే లేని నిర్ధారణ వంటి కారణాలపై మాత్రమే జోక్యం చేసుకుంటుంది.

ఉభయపక్షాలు అంగీకరించి 10-ఎ సెక్షన్ క్రింద ఎన్నుకున్న మధ్యవర్తి నిర్ణయం కూడా రిట్ పరిధిలోకి వస్తుందని గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులో (1979) సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అహ్మదాబాదులో 1973 సమ్మె తరువాత జరిగిన తొలగింపులను మధ్యవర్తి సమర్థించగా హైకోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది. సుప్రీంకోర్టు కొన్ని మార్పులతో హైకోర్టు వైఖరిని ఆమోదించింది. అమెరికాలో దీనికి భిన్నంగా, యూనియన్ ఒప్పందం క్రింద మధ్యవర్తి ఇచ్చిన నిర్ణయంలోని మంచిచెడ్డలను కోర్టులు విచారించరాదని అక్కడి సుప్రీంకోర్టు 1960లో నిర్ణయించింది.

టిక్కెట్టు సొమ్ముకు సంబంధించిన కేసులలో హర్యానా బస్సు కండక్టరు రతన్ సింగ్ కేసు (1977) ముఖ్యమైనది. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టం నియమాలు యథాతథంగా వర్తించవని, ప్రయాణికులను విచారించనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని కోర్టు అభిప్రాయపడింది.

కర్నూలు, కడప ప్రాంతం
వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో నెలజీతం కుటుంబానికి పెద్ద ఆధారం. ఆర్టీసీ డిపోలు, యర్రగుంట్ల పరిసరాల సిమెంటు కర్మాగారాలు, పూర్వపు కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల నాపరాయి పరిశ్రమ ఇక్కడి ఉపాధి వనరులలో కొన్ని. రాయలసీమలో లేబర్ కోర్టు అనంతపురంలో ఏర్పడింది. రిట్ పిటిషన్ మాత్రం హైకోర్టులోనే వేయాలి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కాగా, హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడింది. 1956లో అది హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉంది. హైకోర్టును కర్నూలుకు తరలించే ప్రతిపాదనతో 2020లో చేసిన చట్టాన్ని 2021లో ఉపసంహరించారు.

వ్యాజ్యకాలంలో వేతనం
తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న అవార్డును యాజమాన్యం హైకోర్టులో సవాలు చేస్తే కార్మికుడు ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఉండవలసి వచ్చేది. దీనిని నివారించేందుకు 17-బి సెక్షన్‌ను చేర్చారు. 1984 నుండి అమలైన ఈ సెక్షన్ ప్రకారం, వేరే ఉపాధి లేని కార్మికునికి కేసు ముగిసేవరకు చివరగా పొందిన పూర్తి వేతనం చెల్లించాలి. అన్యాయంగా తొలగించిన సందర్భాలలో బకాయి వేతనాలు చెల్లించడమే సాధారణ నియమమని దీపాలీ గుండు సుర్వాసే కేసులో (2013) సుప్రీంకోర్టు పేర్కొంది.

ఇటీవలి మార్పులు
2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమయ్యారు. పారిశ్రామిక సంబంధాల స్మృతి, 2020 అనే చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి 1947 చట్టం స్థానాన్ని తీసుకుంది. ఇందులో లేబర్ కోర్టుల స్థానే ఇద్దరు సభ్యుల ట్రిబ్యునళ్ళను నిర్దేశించారు. తొలగింపును సవాలు చేసే గడువు మూడేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గింది. హైకోర్టు సమీక్షాధికారం రాజ్యాంగం నుండి సంక్రమించినది కనుక ఈ మార్పులు దానిని తగ్గించవు.