పొరుగువాని ఫిర్యాదు

ఇంటి సరిహద్దు గోడ, తూము నీరు, ప్రక్కవారి పెరటిలోనికి వాలిన మునగకొమ్మ: తగవునకు ఇంతకంటె పెద్ద కారణ మక్కరలేదు. మాట పెరుగును, పొరుగువాడు పోలీసు స్టేషనుకు పోవును. మరునాడు కానిస్టేబులు వాకిట నిలిచి, "ఎస్సైగారు రమ్మంటున్నారు" అనును. నిర్దోషికి సైతము గుండె జారును. ఈ భయమునకు చరిత్ర కలదు. ఆ భయమును తగ్గించిన శాసనములకును చరిత్ర కలదు. రెండవదానినే మేము నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

కుంపిణీ దొరతనమున మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు, పోలీసు అధికారము రెండును తహసీలుదారు చేతిలోనే యుండెడివి. శిస్తు చెల్లింపనివాడును, దొంగతనము మోపబడినవాడును ఒకే బంట్రోతుల చేతిలో పడెడివారు. కఱ్ఱల నడుమ వ్రేళ్ళు నొక్కు ‘కిట్టి’, ఎండలో వంగదీసి నిలుపుట ఆనాటి విచారణ పద్ధతులు. కోస్తా జిల్లాలు, దత్తమండలము ఆ రాజధానిలోనివే. ఎందరో రైతులు ధైర్యము చేసి తమ బాధలు చెప్పుకొనగా, 1855లో విచారణ సంఘము ఈ హింస నిజమేనని నివేదించెను.

1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసు శాఖ వేరుగా ఏర్పడెను. పోలీసు అధికారితో చెప్పిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదని 1861నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు శాసించెను. ఆ నియమమే 1872 సాక్ష్యచట్టము 25వ సెక్షనుగా మారి, నేటి భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో నిలిచియున్నది.

1950లో మన రాజ్యాంగము దీనిని ప్రాథమిక హక్కుల స్థాయికి చేర్చెను. నిందితుని తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదు. అరెస్టు చేసినచో కారణము తెలుపవలెను, న్యాయవాదిని సంప్రదింపనీయవలెను, ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. అరెస్టు వార్త బంధుమిత్రులకు తెలియవలెనని 1996లో డి.కె. బసు కేసునందును, ఏడేండ్లలోపు శిక్షగల నేరములలో అవసరము లేక అరెస్టు తగదని 2014లో అర్నేష్ కుమార్ కేసునందును సుప్రీము కోర్టు నిర్దేశించెను.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ మార్గముననే నడచినది. ఇరుగుపొరుగు తగవులలో తరచు వినవచ్చు స్వల్పగాయము వంటి నేరములను మేజిస్ట్రేటు ఆజ్ఞ లేక పోలీసులు దర్యాప్తు చేయరాదు; ఫిర్యాదును నమోదు చేసి, ఫిర్యాదిని మేజిస్ట్రేటు కడకు పంపవలెను. దర్యాప్తు జరుగు కేసులలో స్త్రీలను, 15 ఏండ్లలోపు బాలురను, 60 ఏండ్లు దాటిన వృద్ధులను ప్రశ్నించుటకు వారి యింటికే పోవలెను. అయితే అరెస్టునకు బదులుగా లిఖితపూర్వకమైన నోటీసు వచ్చినచో దానిని మన్నింపవలెను. మన్నింపనిచో అరెస్టునకు అవకాశ మేర్పడును.

తెలిసి తప్పుడు సమాచార మిచ్చి పరులకు కీడు తలపెట్టుటయు నేరమే. కాని ఫిర్యాదు చేయుట పొరుగువాని హక్కు. రేపు మనమును ఆ మెట్లు ఎక్కవలసి రావచ్చును. నాడు నోరు విప్పిన రైతులు సాధించిన రక్షణ ఇరువురకును సమానమే. పిలుపు వచ్చిన నాడు భయపడక, తూలనాడక, ఫిర్యాదేమో, ఏ సెక్షను క్రిందనో మర్యాదగా అడిగి తెలిసికొందము.