దండు వెనుక తండా, తండా చుట్టూ కుక్క

యుద్ధాల్లో కుక్కలు చేసిన సేవ అనగానే చదువుకున్నవాళ్ల చూపు ఐరోపా వైపు పోతుంది. 1917లో ఇంగ్లండు షూబరీనెస్‌లో పెట్టిన కుక్కల శిక్షణశాలను చెబుతారు. 1941లో జర్మన్ టాంకుల కిందికి సోవియట్ సైన్యం పేలుడు పదార్థాలు కట్టి పంపిన కుక్కలను చెబుతారు. (ఫాసిజాన్ని ఓడించిన సైన్యం మీద మనకున్న గౌరవంతో ఆ మూగజీవాల చావును దాచనక్కరలేదు.) గోరంట్ల చుట్టుపక్కల సుగాలీ తండాలు ఎరిగినవారికి మాత్రం అంతకన్న పాత సంగతి ఒకటి జ్ఞాపకం రావాలి.

పద్దెనిమిదో శతాబ్దపు దండులకు తిండి చేరవేసింది ఎక్కువగా సుగాలీలే. లంబాడీలన్నా, బంజారాలన్నా వీరే. వేలాది పెరిక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, పెళ్లాం బిడ్డలతో సహా దండు వెంట నడిచేవారు. రాత్రి మజిలీలో బస్తాలే కోటగోడ. ఆ గోడ బయట కుక్కలు. దొంగ వచ్చినా, శత్రువు గుర్రపురౌతు వచ్చినా మొదట పసిగట్టేది కుక్కే. ఏ దండు జీతాల పట్టీలోనూ దానికి లెక్క లేదు.

ఈ తిండి విలువ ఎంతటిదో 1791లో తేలింది. అప్పటికి ఈ సీమ టిప్పు ఏలుబడిలోనిది. మార్చిలో బెంగుళూరు పట్టుకున్న కారన్‌వాలిస్, మే నెలలో శ్రీరంగపట్నం ముందు పోరు గెలిచి కూడా నిలవలేకపోయాడు. ఎద్దులు చచ్చాయి, గింజలు అయిపోయాయి. కోట కూల్చే ఫిరంగులను తానే పాడుచేసి వెనక్కు మళ్లాడు. మరుసటేడు లంబాడీల ధాన్యం వెంట ఉండగా తిరిగి వచ్చాడు; 1792లో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు.

అయితే సుగాలీలు ద్రోహులా? ఆ మాట అనేవారు ముందు కంపెనీ పక్షాన నిలిచిన నిజామును, పీష్వాను అడగాలి. సుగాలీకి పోగొట్టుకోను రాజ్యమే లేదు. సరుకుకు పెట్టుబడి సైతం తరచు సాహుకారుదే.

రస్సెల్, హీరాలాల్‌లు 1916లో ప్రచురించిన మధ్యపరగణాల కులాల గ్రంథంలో ఒక బంజారా కథ ఉంది. అప్పు తీర్చలేక ఒకడు తన కుక్కను సాహుకారు దగ్గర తాకట్టు పెట్టాడు. ఆ ఇంట దొంగలు పడితే కుక్క సొత్తు జాడ చూపింది. సాహుకారు సంతోషించి, బాకీ చెల్లిందని చీటీ రాసి మెడకు కట్టి పంపాడు. తాకట్టు తప్పి పారిపోయి వచ్చిందనుకుని యజమాని దాన్ని చంపేశాడు. ఆ తర్వాత చీటీ చూశాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ కుక్కకు గుడి ఉంది. అందరూ దీన్ని విశ్వాసపు కథగా చెబుతారు. నాకు ఇందులో ముందు కనిపించేది తాకట్టు: ఎద్దుల తర్వాత ఆ ఇంట విలువైన ఆస్తి కుక్కే.

1800లో ఈ జిల్లాలు కంపెనీ వశమయ్యాయి. బాటలు, రైళ్లు వచ్చి పెరిక వ్యాపారాన్ని మింగాయి. దండుకు తిండి మోసిన ఈ జనాన్నే 1892లో మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేర వర్గాల పుస్తకానికి ఎక్కించాడు. 1871లో ఉత్తరాదిన పుట్టి 1911లో మద్రాసుకూ పాకిన నేరస్థ జాతుల చట్టం 1952లో గాని రద్దు కాలేదు.