పాట కట్టిందెవరు?

పాత పుస్తకం చేతికొస్తే మేము రెండు సంగతులు చూస్తాం. అట్టమీద ఎవరి పేరుంది? లోపల ఎవరి కష్టముంది? 1631లో లిమా నగరంలో అచ్చయిన 'రిటువాల్ ఫార్ములారియో' అనే పుస్తకాన్ని ఈ ప్రశ్నలు అడక్క తప్పదు.

అప్పటికి పెరూ స్పెయిన్ వలస. పుస్తకం రాసింది హ్వాన్ పేరెస్ బొకనేగ్ర. ఇంకాల పాత రాజధాని కుస్కోకు దగ్గర్లోని అందవైలియాస్ అనే ఊళ్ళో చర్చి గురువు. ఆదివాసులకు బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, పెళ్ళి ఎలా చెయ్యాలి, పాపసంకీర్తనంలో ఏమేం అడగాలి అన్నవి గురువులకు నేర్పే పుస్తకమది. స్పానిష్‌లోనూ, అక్కడి జనం భాష కెచువాలోనూ ఉంది. అందులోనే 'హనక్‌పచాప్ కుసికుయినిన్' అనే మరియమాత పాట ఉంది. ఊరేగింపుగా చర్చిలోకి వస్తూ పాడేది. 20 చరణాలు, నాలుగు గొంతులు నాలుగు వరసల్లో కలిసి పాడాలి. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొట్టమొదటి బహుస్వర గానం ఇదే.

మరి బాణీ కట్టిందెవరు? పుస్తకం చెప్పదు. గురువే కట్టాడని కొందరు, ఆయన దగ్గర నేర్చుకున్న ఆదివాసి కట్టి ఉంటాడని కొందరు. రెంటికీ గట్టి రుజువు లేదు. పేరు లేనిచోట మనకు నచ్చిన పేరు రాసేస్తే దొరల చరిత్రకారులు చేసిన పనే మనమూ చేసినట్టవుతుంది. అంచేత దొరికిన ఆధారం దగ్గరే నిలబడదాం.

పాట భాష కెచువా. 'హనక్ పచ' అంటే పైలోకం. ఆండీస్ జనం లోకాన్ని అర్థం చేసుకున్న మాట అది. క్రైస్తవ గురువులు దాన్ని పరలోకానికి వాడుకున్నారు. మరియను పొగిడే మాటల్లో అక్కడి పాత నక్షత్రారాధన ఛాయలున్నాయని భాషాశాస్త్రవేత్త బ్రూస్ మాన్‌హైమ్ వాదించాడు.

ఇంకో సంగతి. 1567-68లో జరిగిన లిమా మతసభ ఆదివాసులకు గురుపట్టం ఇవ్వకూడదని తీర్మానించింది. పొటోసి వెండి గనులకు ఆండీస్ ఊళ్ళ మగవాళ్ళను వంతులవారీగా తోలిన కాలం కూడా ఇదే. అంటే వాళ్ళ గొంతు గుడికి కావాలి, వాళ్ళ ఒళ్ళు గనికి కావాలి. బలిపీఠం దగ్గర మాత్రం వాళ్ళ చెయ్యి పనికిరాదు!

అయినా వాళ్ళు చెప్పింది వింటూ ఊరికే కూర్చోలేదు. కొందరు ఆదివాసులు 'కిపు' అనే ముడుల తాళ్ళతో పాపాలు లెక్కపెట్టుకుని ఒప్పుకోవడం తోటివాళ్ళకు నేర్పుతున్నారని ఇదే పుస్తకంలో గురువు ఫిర్యాదు చేశాడు. తిట్టడానికి రాసిన ఆ మాటే ఇవాళ మనకు సాక్ష్యం. వాళ్ళకు సొంత లెక్క ఉంది, సొంత గురువులున్నారు.

ఇప్పుడీ పాటను ఎన్నో దేశాల గాయక బృందాలు పాడుతున్నాయి. కర్త పేరు దగ్గర బొకనేగ్ర అనో, అజ్ఞాత అనో వేస్తారు. మేమడిగేది చిన్నదే. ఆ పక్కనే ఇంకో ముక్క కూడా రాయండి: కెచువా జనం భాషలో, వాళ్ళ గొంతుల కోసం కట్టిన పాట అని. దానికి రుజువు పాటలోనే ఉంది.