పాప్-అప్ ప్రకటనలు, నిబంధనలు

వెబ్‌సైటు చదువుతుండగా తెరపై దానంతటదే తెరుచుకునే కిటికీ పాప్-అప్. 1990ల చివర్లో దీనికి తొలి కోడ్ రాసిన అమెరికన్ ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ కోరారు.

ఫోన్‌లో వ్యాసాన్ని కప్పేసే పాప్-అప్‌లున్న పేజీలు శోధనలో వెనక్కి పోవచ్చని గూగుల్ ప్రకటించి, 2017 జనవరి 10 నుంచి అమలుచేసింది. చట్టం కోరే అనుమతులకు, వయసు నిర్ధారణకు, తెరలో కొద్ది చోటే తీసుకునే బ్యానర్లకు మినహాయింపు ఉంది. 2018 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజర్ చిరాకు పుట్టించే ప్రకటనలేవో తేల్చే ‘బెటర్ యాడ్స్’ ప్రమాణాలను పదేపదే మీరే సైట్లలో ప్రకటనలన్నిటినీ ఆపేస్తోంది. ఒక్క పాప్-అప్ ఆశకు మొత్తం రాబడి పోగొట్టుకోవడం తెలివైన వ్యాపారం కాదు.

భారత్‌లో పాప్-అప్‌లలో వాడే మోసపు ఎత్తుగడలు చట్టం పరిధిలోకీ వచ్చాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్’లను నిషేధించింది. విమాన టికెట్ కొనేటప్పుడు బీమా వద్దంటే ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే వాక్యాన్ని నొక్కించడం అందులో పేర్కొన్న ఉదాహరణే. వద్దనే హక్కును సిగ్గుపడాల్సిన విషయంగా మార్చడం దుర్మార్గం. అడిగిందే అడిగి విసిగించడం, ప్రకటనను వార్తలా చూపడం కూడా నిషిద్ధాలే.

చాంద్రాయణగుట్టలోని బట్టల దుకాణం ఆన్‌లైన్‌లో అమ్మినా ఇవే నియమాలు. మూసే గుర్తు స్పష్టంగా కనిపించాలి, నొక్కితే నిజంగా మూసుకోవాలి. మోసపోయిన కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.